కొండమేతకి నాలుగు రింగులు

కుందుజ్ చేతికి పాలివ్వని ఆడగుర్రం కొచ్కోర్ ఊరి చుట్టుపక్కల లేదని చెప్పుకునేవారు. గుర్రం పాలు పితకడం ఆవు పాలు పితికినంత తేలిక కాదు. ఒంటి మోకాలి మీద కూర్చుని, రెండో తొడ మీద బకెట్టు ఆనించి, ఒక చెయ్యి గుర్రం వెనక కాలి చుట్టూ పోనిచ్చి, పిల్లను పక్కనే నిలబెట్టుకుని, తల్లి చేపిన ఆ కాస్త సేపట్లోనే పని కానివ్వాలి. జాగు చేస్తే ఎగచేపేస్తుంది. పితికిన కాసేపటికే మళ్ళీ పొదుగు నిండుతుంది, మళ్ళీ వెళ్ళాలి. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా అదే పని. జూన్‌లో మంచు కరిగి దారి తెరుచుకోగానే సోన్‌కోల్ సరస్సు ఒడ్డున కొండమేతకి ఎక్కడం, సెప్టెంబరు చివర మళ్ళీ మంచు తరిమితే దిగడం. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆమె వేసవులన్నీ అలాగే గడిచాయి.

ముప్పై మూడేళ్ళ మనిషి. మాట తక్కువ. భర్త ఎర్కిన్ అంతకన్నా తక్కువ మాట్లాడతాడు. ఆ ఇంట్లో మాటల లోటు తీర్చేది అత్తగారు సోనున్. అక్కడి కోడళ్ళందరిలాగే కుందుజ్ కూడా అత్తని ఆపా అనే పిలిచేది, కన్నతల్లిని పిలిచినట్టే. ఆమె పేరు మాత్రం ఎప్పుడూ నోటితో పలికి ఎరగదు.

కుందుజ్‌కి ముగ్గురు పిల్లలు. ఇద్దరు పుట్టాక లూప్ వేయించుకుంది. అది పడలేదు. నెలలో సగం రోజులు రక్తం పోయేది, ఒకసారి గుర్రం దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. లూప్ తీయించేసి మాత్రలు మొదలుపెట్టింది. ఇంటి దగ్గర ఉన్నంత కాలం మాత్రలు బాగానే నడిచాయి. కొండమేతకి ఎక్కాక రోజూ ఒకే వేళకి మాత్ర వేసుకోవడం ఎవరి తరం? గొర్రెలు తప్పిపోయిన రోజు, వడగళ్ళు పడి గుడారం తాళ్ళు తెగిన రోజు, అతిథులు దిగిన రోజు, ఇలా తప్పుతూ వచ్చాయి. మూడోది అలా కడుపున పడింది. పుట్టిన పిల్ల ముద్దుగానే ఉంది, దాని తప్పేం లేదు. కానీ కాన్పు తర్వాత రక్తం ఆగక, కొచ్కోర్ ఆసుపత్రిలో తల్లి ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్లు నానా తంటాలూ పడ్డారు.

ఆ ఆసుపత్రిలో తమారా అనే పెద్ద డాక్టరమ్మ ఉండేది. పిల్ల పాలు మానాక కుందుజ్‌ని పిలిపించి కూర్చోబెట్టింది.

"నీ ఒంట్లో ఉన్నది రక్తం కాదమ్మా, రెండోసారి కాచిన టీ. కొన్నేళ్ళ పాటు కడుపు మాట తలపెట్టకు. లూప్ నీకు సరిపడదు, మాత్రలు నీకు గుర్తుండవు. రింగు వాడిచూడు."

"రింగంటే ఏంటి ఎజే?" అంది కుందుజ్. పెద్ద ఆడవాళ్ళని అక్కడ అక్కా అన్నట్టు అలాగే పిలుస్తారు.

డాక్టరమ్మ సొరుగులోంచి తీసి చూపించింది. పారదర్శకంగా, మెత్తగా, గాజు కన్నా చిన్నగా ఉంది. మూడు వారాలు లోపల పెట్టుకోవాలి, ఒక వారం తీసెయ్యాలి, తర్వాత కొత్తది పెట్టుకోవాలి. ఎవరికి వారే పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. బయటికి కనబడదు, రోజూ గుర్తుపెట్టుకోనక్కరలేదు. పైగా బహిష్టు కూడా తగ్గుతుంది. ఆ చలికాలమంతా కుందుజ్ దాన్ని వాడింది. అద్దంలో తన పెదాల రంగు తనకే కొత్తగా కనిపించింది.

మే నెల చివరికి వచ్చింది. గుడారం మీద కప్పే మందపాటి ఉన్ని నమదాలు ఎండబెట్టారు, పిండి బస్తాలు కట్టారు, గుర్రాలకి నాడాలు కొట్టించారు. వేసవికి సరిపడా రింగులు తెచ్చుకుందామని కుందుజ్ కొచ్కోర్ బజారులో తను ఎప్పుడూ కొనే మందుల షాపుకి వెళ్ళింది. షాపామె ఫ్రిజ్ తలుపు తీసి, లోపల రెండు మూడు పెట్టెలు అటూ ఇటూ జరిపి, మళ్ళీ మూసేసింది.

"అయిపోయాయి."

"మళ్ళీ ఎప్పుడొస్తాయి?"

"వచ్చే వారం రావచ్చు. కిందటి వారం కూడా ఇదే మాట చెప్పాను అందరికీ."

బజారులో ఉన్న మిగతా షాపుల్లోనూ లేవు. నరీన్ పట్టణానికి ఫోన్ చేస్తే అక్కడా లేవన్నారు. సరుకు సరిహద్దు దగ్గర ఆగిపోయిందని ఒకరు, కొత్త అనుమతి కాగితం రావాలని ఇంకొకరు చెప్పారు. ఫోన్‌లో ఎవరో అమ్ముతున్నారని తోటికోడలు చూపించింది. బొమ్మలో రింగుల పెట్టెలు ఎండ పడుతున్న కిటికీ గట్టు మీద పేర్చి ఉన్నాయి. ఆ బొమ్మ తమారా డాక్టరమ్మకి పంపితే, "ఫ్రిజ్‌లో ఉండాల్సినదాన్ని ఎండలో ఆరబెట్టినవాడి దగ్గర కొంటావా? గొర్రె మాంసమైనా కొనవు కదా అలా," అని జవాబొచ్చింది.

ఆ సాయంత్రం టీ దగ్గర ఎర్కిన్‌కి సంగతి చెప్పింది.

"పోనీ బిష్కెక్ నగరానికి నేను వెళ్ళొస్తాను," అన్నాడు అతను.

"వెళ్ళి ఏమని అడుగుతావు?"

"రింగు కావాలని అడుగుతాను."

"ఏ వేలికి అంటారు."

ఎర్కిన్ టీ గిన్నె ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాటకి నవ్వొచ్చినట్టుంది గానీ బయటపడలేదు. "అయితే నువ్వే వెళ్ళు. ఎలాగూ అమ్మని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి కదా," అన్నాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆపాకి ఈ సంగతులేవీ తెలియవు. ఆమె తొమ్మిది మందిని కన్నది, ఆరుగురిని మిగుల్చుకుంది. పాత సర్కారు కాలంలో ఎక్కువమంది పిల్లల్ని కన్న తల్లులకి ఇచ్చే వెండి పతకం ఆమె పెట్టెలో పట్టుగుడ్డలో చుట్టి ఉంది. "నారు పోసినవాడు నీరు పోయడా" అన్నది ఆమె ఊతపదం. మూడోది నడక మొదలుపెట్టినప్పటినుంచీ, "దాని వెనకాల ఇంకొకడు పాకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది," అని వారానికి ఒకసారైనా అంటూనే ఉంది. కుందుజ్ ఔననేది కాదు, కాదనేది కాదు. లేచి పొయ్యిలో పిడక వేసేది.

పిల్లల్ని తోటికోడలికి అప్పగించి, తెల్లవారుతూనే అత్తాకోడళ్ళిద్దరూ షేర్ టాక్సీ ఎక్కారు. బూమ్ లోయ దాటే దాకా ఆపా డ్రైవరు మూడు తరాల చరిత్ర రాబట్టింది. అతని పెళ్ళాం అలిగి పుట్టింటికి వెళ్ళిన సంగతి కూడా తెలుసుకుని, ఎలా తెచ్చుకోవాలో చెప్పింది. కుందుజ్ కిటికీలోంచి నది చూస్తూ కూర్చుంది.

పళ్ళ డాక్టరు దగ్గర పని తొందరగానే అయిపోయింది. పళ్ళు పీకిన చోట చిగుళ్ళు ఇంకా గట్టిపడలేదు, జూలైలో రండి, అప్పటికి కట్టుడు పళ్ళు సిద్ధం చేస్తాం అన్నాడాయన. బయటికి వచ్చాక కుందుజ్ మెల్లిగా అంది.

"ఆపా, నాకు కడుపులో మంటకి ఒక మందు కావాలి. దారిలో షాపులున్నాయి, అడిగి వెళ్దాం."

"అడుగు. దానిదేముంది."

మొదటి షాపులో లేదు. రెండో షాపులో ఒక కుర్రవాడు ఉన్నాడు. కుందుజ్ గొంతు తగ్గించి అడిగితే అతను ఇంకా తగ్గించి లేదన్నాడు. మూడో షాపులో క్యూ పొడుగ్గా ఉంది, నిలబడి నిలబడి అడిగితే తల అడ్డంగా ఊపారు. నాలుగో షాపు వీధికి అవతలి వైపున ఉంది, అక్కడా లేదు. ఆపా ప్రతి చోటా గుమ్మం పక్కన చేతికర్ర ఆనించుకుని నిలబడింది. ఆమె మెత్తటి తోలుబూట్ల మీద రబ్బరు జోడు తొడుక్కుంది. బిష్కెక్ ఎండకి ఆ జోడు లోపల కాళ్ళు ఉడికిపోతున్నాయి. ఒక్క మాట కూడా అనలేదు. ఆపా మాట్లాడకపోయేసరికి కుందుజ్‌కి భయమేసింది.

ఐదో షాపులో లావుపాటి ఆవిడ, వెనక గదిలో ఉన్న ఎవరికో వినబడేలా కేకేసింది. "లోపల పెట్టుకునే రింగులు ఏమైనా మిగిలాయా? పిల్లలు పుట్టకుండా వాడేవి? లేవా? లేవటమ్మా."

బయటికి వచ్చారు. కాస్త దూరంలో చెట్టు కింద ఒక అమ్మాయి గొడుగు వేసుకుని, పీపాలోంచి మక్సిమ్ పోసి అమ్ముతోంది. మన అంబలిలాంటిదే, చల్లగా, పుల్లగా ఉంటుంది. ఆపా అక్కడి బల్ల మీద చతికిలబడింది. కుందుజ్ రెండు గ్లాసులు తెచ్చి ఒకటి ఆమె చేతికిచ్చింది. ఆపా సగం తాగి, పై పెదవి తుడుచుకుంది.

"కడుపులో మంటన్నావు."

కుందుజ్ తల వంచుకుంది.

"కడుపుకి సంబంధించిందేలే. ఆ మాటకొస్తే అబద్ధమాడలేదు," అంది ఆపా. "ఏంటది? చెప్పు. ఐదు షాపులు తిప్పావు. ఏం కొనడానికి తిరుగుతున్నానో తెలిస్తే నా కాళ్ళకైనా ఓదార్పుగా ఉంటుంది."

కుందుజ్ చెప్పింది. లూప్ సంగతి, మాత్రల సంగతి ఆపాకి లీలగా తెలుసు. రక్తం సంగతి కళ్ళారా చూసింది. రింగు సంగతి మాత్రం కొత్త. ఎక్కడ పెట్టుకుంటారో, ఎన్నాళ్ళుంచుతారో, కొండమేతకి నాలుగు ఎందుకు కావాలో నెమ్మదిగా చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ అన్న మాటలు కూడా చెప్పింది. చెప్పినంతసేపూ మక్సిమ్ గ్లాసు వంకే చూసింది.

ఎదురుగా బస్సులు వచ్చాయి, వెళ్ళాయి.

"ఎర్కిన్‌కి తెలుసా?"

"తెలుసు."

"అంటే నాకొక్కదానికే తెలియదన్నమాట. ఇంట్లో పిల్లికి కూడా తెలిసే ఉంటుంది."

"మీరు బాధపడతారని చెప్పలేదు, ఆపా. ఇంకొకడు పాకితే చూడాలని అంటుంటారు కదా."

"అంటాను. అనకపోతే ముసలిదాన్నెందుకయ్యాను? నేను అన్నదల్లా చెయ్యమన్నానా? దేశం ఏమవుతుందో కూడా రోజూ అంటూనే ఉంటాను, ఎవరు వింటున్నారు?" గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. "నాకు కోపం వచ్చింది దానికి కాదు. గుమ్మాల దగ్గర గొర్రెను నిలబెట్టినట్టు నిలబెట్టావు నన్ను. అదీ నా కోపం."

"తప్పయింది."

"అయింది." ఆపా తలగుడ్డ సర్దుకుంది. "నాకు పతకం ఇచ్చినప్పుడు నరీన్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మెత్తటి చేతులు. నువ్వు దేశానికి గర్వకారణం అన్నాడు. అప్పుడు నా చంకలో ఎనిమిదోది, కడుపులో తొమ్మిదోది. ఆయన మాట్లాడుతుంటే నేను నిలబడే కునుకు తీశాను. పతకం ఇచ్చారు గానీ నిద్రపోవడానికి ఒక్క పూట సెలవివ్వలేదు ఎవరూ. నా తోటికోడలు కాలిమాన్ ఉండేది, నీకు తెలియదులే, నువ్వు పుట్టకముందే పోయింది. ఏడో కాన్పు. దోలోన్ కనుమ మీద మంచు పడి దారి మూసుకుపోయింది. మేము ఆమెని లారీ వెనకాల నమదాలో చుట్టి పెట్టుకుని, మంచు తవ్వేవాళ్ళ కోసం చూస్తూ కూర్చున్నాం. కూర్చున్నాం, అంతే. నా ఒళ్ళోనే పోయింది." ఖాళీ గ్లాసు పక్కకి జరిపింది. "మనం గుర్రాన్నైనా ఏటేటా ఈననివ్వం. ఒక ఏడు ఖాళీగా వదిలితే మరుసటేడు పాలు చూడు, నురగలు కడతాయి. ఇది తెలియనిదాన్నా నేను?"

కుందుజ్ కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కటి చెప్పు," అంది ఆపా. "పూర్తిగా ఆపేస్తావా, కొన్నాళ్ళు ఆగుతావా?"

"ఇప్పటికి ఆగుతాను."

"ఆగడానికైతే సరే. లే. ఇందాక మూలమీద పెద్ద షాపు కనిపించింది, దాన్ని వదిలేసి వచ్చావు."

"అక్కడ బాగా జనం ఉన్నారు, ఆపా."

"ఉండనీ. జనం లేని షాపులో మందులుంటాయా?"

పెద్ద షాపులో మందులిచ్చే కిటికీలు నాలుగున్నాయి. ఆపా వాటన్నిటినీ పరకాయించి, సన్నటి మొహం, గుండ్రటి కళ్ళద్దాలు ఉన్న అమ్మాయి దగ్గరికి నడిచింది. కుందుజ్‌ని పక్కన నిలబెట్టుకుంది. వాళ్ళ వంతు వచ్చింది. కుందుజ్ అడిగింది. అమ్మాయి కంప్యూటర్ చూసి, క్షమించండి, లేవు అంది. కుందుజ్ వెనక్కి తిరగబోయింది. ఆపా కదల్లేదు.

"నువ్వు ఏ ఊరి పిల్లవి తల్లీ?"

"జుమ్‌గాల్, ఆపా."

"మాట చూస్తేనే అనుకున్నాను. జుమ్‌గాల్‌లో ఎవరి పిల్లవి?"

అమ్మాయి పేరు చినారా. తండ్రి పేరు చెప్పింది, తాత పేరు చెప్పింది.

"ఆ బొల్లి గుర్రం తాతా? ఆయన మా పెళ్ళికి వచ్చాడు. మా ఆయనకి దూరపు అన్న అవుతాడు. అంటే నువ్వు నాకు మనవరాలివే."

చినారా నవ్వింది. "ఈ కిటికీ దగ్గర కూర్చున్నప్పటినుంచీ రోజుకి నలుగురు అమ్మమ్మలు తేలుతున్నారు, ఆపా. అందరూ మందు ధర తగ్గించి ఇవ్వమంటారు."

"నేను తగ్గించమన్నానా? ఉన్న ధరకే ఇవ్వు. ఉంటే చాలు. ఇదిగో, దీని మొహం చూడు. వారంలో కొండమేతకి ఎక్కుతుంది. సోన్‌కోల్‌లో మందుల షాపు పెట్టావా నువ్వు? పెట్టలేదు కదా."

వెనక క్యూలో ఒకతను రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. "ముసలామె రింగులకొచ్చింది చూడండి," అని పక్కవాడితో అని కిసుక్కున నవ్వాడు. ఆపా తల తిప్పింది.

"నువ్వు దగ్గుమందుకి వచ్చావు కదా నాయనా. నీ వంతొచ్చేదాకా దగ్గుకో."

క్యూ మొత్తం నవ్వింది. అతను కూడా నవ్వి, నవ్వుతో ఇంకా దగ్గాడు.

చినారా ఫోన్ తీసుకుంది. "కంప్యూటర్‌లో ఎక్కడా లేవు. కానీ ఒక్కోసారి ఎవరో చెప్పి దాచిపెట్టించుకుని రారు. అవి ఫ్రిజ్‌లోనే ఉండిపోతాయి. అడుగుతాను ఉండండి," అంటూ ఒకదాని తర్వాత ఒకటి తమ షాపులకి ఫోన్లు చేసింది. మూడో ఫోన్‌లో మొహం విప్పారింది. "మూడున్నాయట. దక్షిణాన కొత్త ఇళ్ళ పేటలో మా షాపు. మీ పేరు మీద పెట్టమన్నాను. మూసే లోపు వెళ్ళండి. కొన్నాక ఫ్రిజ్ లేకపోయినా నాలుగు నెలలు ఆగుతాయి. ఎండ తగలనివ్వకండి, పొయ్యి దగ్గర పెట్టకండి."

"సోన్‌కోల్‌లో మేమే పొయ్యి దగ్గర కూర్చోవాలి, అవి చల్లగానే ఉంటాయిలే," అంది ఆపా. సంచిలోంచి గుప్పెడు ఎండు పెరుగుండలు తీసి కిటికీ కింద నుంచి లోపలికి తోసింది. "జుమ్‌గాల్ వాటికన్నా మావి పుల్లగా ఉంటాయి. తిను."

బస్సు మారి కొత్త ఇళ్ళ పేటకి చేరేసరికి ఎండ వాలింది. షాపు చిన్నది, చల్లగా ఉంది. అక్కడి మనిషి మూడు పెట్టెలూ ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టింది. కుందుజ్ డబ్బు ఇవ్వబోతుండగా తలుపు తీసుకుని ఒక యువతి వచ్చింది. భుజాన పాటల పుస్తకాల సంచి, పరిగెత్తి వచ్చిన మొహం.

"రింగులున్నాయని విన్నాను. ఒక్కటి చాలు," అంది రష్యన్‌లో.

"ఇవి చెప్పి పెట్టించుకున్నవి. ఇవే ఆఖరు," అంది షాపామె.

యువతి బల్ల మీదున్న పెట్టెల్ని చూసింది. వెళ్ళిపోదామని తిరిగి, మళ్ళీ ఆగి, సంచి భుజం మార్చుకుంది. ఆ సంచి మార్చుకోవడం కుందుజ్ చూసింది. పొద్దుటినుంచీ తను ప్రతి షాపు గుమ్మం దాటేటప్పుడూ చేసిన పని అదే.

కుందుజ్ ఆపా వైపు చూసింది. ఆపా కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని గోడ మీది విటమిన్ల బొమ్మ చూస్తోంది. సలహా చెప్పడానికి ఇష్టపడనప్పుడు ఆమె ఎప్పుడూ అలాగే చేస్తుంది.

"మీకు ఎప్పటికి కావాలి?" అని బడిలో నేర్చుకున్న రష్యన్‌లో అడిగింది కుందుజ్.

"రేపటికి. నగరమంతా తిరిగాను. వచ్చే నెల వస్తాయంటున్నారు. మీకు?"

"నేను కొండమేతకి వెళ్తున్నాను. మాకు వచ్చే నెల అనేది ఉండదు. సెప్టెంబరు దాకా ఏమీ దొరకదు."

యువతి తల ఊపింది. "అయితే మీకే కావాలి," అంది. ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

కుందుజ్ లోలోపల లెక్క వేసుకుంది. మూడుంటే ఆగస్టు చివరి దాకా వస్తాయి. రెండుంటే జూలైతో సరి. గుడారం ముందు నమదా మీద ముగ్గురు పిల్లలు, ఆసుపత్రి తెల్లటి కప్పు, తమారా ఎజే గొంతు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఒక పెట్టె తీసి యువతి ముందుకి జరిపింది.

"నగరంలో వచ్చే నెల వస్తాయి కదా. వచ్చాక నాకు రెండు కొని పెట్టండి. మా ఆపా జూలైలో పళ్ళ కోసం వస్తుంది, ఆమె చేతికివ్వండి. డబ్బు అప్పుడు చూసుకుందాం."

యువతి పేరు లీదా. సంగీతం బళ్ళో పియానో నేర్పుతుంది. ఆమె ఆపా ఫోన్ నంబరు రాసుకుంది. కుందుజ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఒక పట్టాన వదల్లేదు.

తిరుగు బస్సులో ఆపా అంది. "మనిషిని చూస్తే మాట నిలబెట్టుకునేదానిలాగే ఉంది."

"లేకపోతే?"

"లేకపోతే ఏముంది, ఆగస్టులో నా కొడుకు గొర్రెలతో పడుకుంటాడు. వాడి నాన్న పడుకోలేదా ఏంటి? నాలుగోది పుట్టాక ఆయన్ని ఒక వేసవంతా మంద దగ్గరికి తోలాను. గొర్రెలు బాగా బలిశాయి ఆ ఏడు."

కుందుజ్ మొహం ఎర్రబడింది. ముందు సీట్లో ఆమె వెనక్కి తిరిగి చూసి నవ్వింది. ఇంటికెళ్ళాక ఎర్కిన్‌కి జరిగిందంతా చెబితే, అతను విని, "మా నాన్న గొర్రెలతో పడుకున్న సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం," అన్నాడు తల్లితో. అతను అంత పొడుగు వాక్యం మాట్లాడటం అరుదు.

జూన్‌లో కొండమేతకి ఎక్కారు. ఆపా పళ్ళ కోసం కింద ఉండిపోయింది. గుడారంలో పిండిపెట్టె అడుగున రెండు పెట్టెలు పెట్టుకుంది కుందుజ్. గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది, గుర్రాలు పాలు బాగా ఇచ్చాయి. తోలుసంచిలో కుమిస్, అంటే పులిసిన గుర్రం పాలు, చిలికే చప్పుడు రోజంతా వినిపించేది. సరస్సు దగ్గర ఫోన్ అందదు. గుట్ట ఎక్కితే ఎప్పుడో ఒకసారి అందుతుంది. జూలైలో రెండో పెట్టె విప్పిన రోజు గుట్ట ఎక్కి ఆపాకి ఫోన్ చేసింది. ఆపా ఫోన్ ఇంట్లోనే మర్చిపోయి బిష్కెక్ వెళ్ళిందని తోటికోడలు చెప్పింది. అంతకు మించి ఏమీ తెలియలేదు. ఫోన్ మధ్యలోనే తెగిపోయింది.

ఆ నెలాఖరులో ఒక మధ్యాహ్నం కుమిస్ కొనేవాళ్ళ బండి వచ్చింది. డ్రైవరు పక్కనుంచి ఆపా దిగింది. పిల్లలు ముగ్గురూ పరిగెత్తారు. ఆపా వాళ్ళని ముద్దులాడి, గుడారంలోకి వచ్చి, పొయ్యికి దూరంగా కూర్చుని తలగుడ్డ మూట విప్పింది. మూడు పెట్టెలున్నాయి.

"రెండే కదా చెప్పాను," అంది కుందుజ్.

"మూడోది నువ్విచ్చినదానికి బదులట. డబ్బిస్తే తీసుకోలేదు. పళ్ళ డాక్టరు మెట్ల మీద పొద్దుటినుంచీ కూర్చుంది పాపం, నేను ఏ వేళకొస్తానో తెలియక. ఒక కేకు కూడా ఇచ్చింది, అది దారిలో డ్రైవరూ నేనూ తినేశాం."

"మరి పళ్ళేవి, ఆపా?"

ఆపా జేబులోంచి రుమాలు తీసి చూపించింది. పళ్ళు అందులో ఉన్నాయి. "పెట్టుకుంటే ఎవరో పరాయిదాని నోటితో మాట్లాడుతున్నట్టుంది. మాంసం వండినప్పుడు పెట్టుకుంటాను."

ఆ వేసవి నెమ్మదిగా గడిచింది. ఆగస్టులో పక్క గుడారం కోడలు పాల బకెట్టు తిరిగివ్వడానికి వచ్చి, బకెట్టు కింద పెట్టకుండా చాలాసేపు నిలబడింది. చివరికి గొంతు తగ్గించి, ఆ రింగుల సంగతి కాస్త చెబుతావా అక్కా అని అడిగింది. కుందుజ్ ఆమెని కూర్చోబెట్టి టీ పోసి చెప్పింది. దిగాక తమారా ఎజే దగ్గరికి వెళ్ళు, నీ ఒంటికి ఏది పడుతుందో ఆవిడ చెబుతుంది అంది. ఆపా గుడారం రెండో పక్క ఉన్ని ఏకుతూ విని కూడా విననట్టు ఊరుకుంది.

సెప్టెంబరులో దిగాక డాక్టరమ్మ వేలు గుచ్చి చూసి, "ఇప్పుడిది రక్తమే," అంది. ఆ చలికాలం సరుకు మళ్ళీ ఒకసారి ఆగింది, మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా బిష్కెక్ నుంచి లీదా గానీ చినారా గానీ ఒక ఫోన్ కొట్టేవారు. చినారా ఫోన్ చేస్తే ముందు ఎండు పెరుగుండల గురించి అడిగేది.

ఆపా అడగడం మానలేదు. "ఇంకా ఆగుతున్నావా?" అనేది ఉండుండీ.

"ఆగుతున్నాను, ఆపా."

"ఆగు, ఆగు. నేనెక్కడికీ పోను."

మరుసటి జూన్‌లో మళ్ళీ కొండ ఎక్కే రోజు వచ్చింది. కిందటేడు దాకా కుందుజ్ సామాన్ల లారీలో పిల్లల్తో పాటు కూర్చుని వెళ్ళేది. గుర్రమెక్కితే కళ్ళు తిరిగేవి. ఆ ఏడు పిల్లల్ని ఆపాతో లారీ ఎక్కించి, తను జీను బిగించుకుంది. కనుమ మలుపుల మీద మంద ముందు ఆమె, వెనకాల ఎర్కిన్. పైన ఇంకా అక్కడక్కడ మంచు ఉంది. సరస్సు కనిపించేసరికి గుర్రాలు వాటంతటవే నడక పెంచాయి. కుందుజ్ కళ్ళెం వదులు చేసింది.